స్టేషన్ పక్కన శాకాహార వీధి

లండన్‌లో పప్పూ అన్నం దొరుకుతుందా? విమానం ఎక్కబోయే శాకాహారికి ముందుగా వచ్చే బెంగ ఇదే. అలాంటివాళ్లకు అక్కడ స్థిరపడ్డవాళ్లు చెప్పే చిరునామా ఒకటుంది. యూస్టన్ రైల్వేస్టేషన్ పక్కనున్న డ్రమండ్ స్ట్రీట్!

ఆ వీధికి భారతీయ రుచులు 1950ల్లోనే పరిచయం. లక్ష్మీశంకర్ పాఠక్ అనే గుజరాతీ 1956లో కెన్యా నుంచి కుటుంబంతో లండన్ చేరారు. మొదట దొరికింది మురుగుకాల్వలు శుభ్రం చేసే పని. సంపాదన చాలక, భార్యతో కలిసి ఇంట్లోనే సమోసాలూ మిఠాయిలూ చేసి అమ్మారు. తర్వాత డ్రమండ్ స్ట్రీట్‌లో చిన్న కొట్టు పెట్టారు. సీసాల్లో పచ్చళ్లు, మసాలాలు అమ్మే 'పటాక్స్' సంస్థకు పునాది అదే. 1965లో 'అంబాలా' మిఠాయి దుకాణం అక్కడే మొదలైంది. 1970ల ఆరంభంలో 'దివానా భేల్‌పూరీ హౌస్' వచ్చింది. పూర్తి శాకాహారం, మధ్యాహ్నం బఫే దాని ప్రత్యేకత.

బఫే అంటే తెలిసిందేగా... ఒకటే ధర, తిన్నంత భోజనం. కొత్తగా వెళ్లిన విద్యార్థికి అందులో ఇంకో సుఖమూ ఉంది. 'ఇందులో మాంసం ఉందా, గుడ్డు కలిపారా' అని ప్రతి వంటకానికీ అడగక్కర్లేదు. కంటితో చూసి, నచ్చింది వడ్డించుకోవడమే. తిన్నాక నాలుగడుగులు వేస్తే బర్ఫీ, లడ్డూ, జిలేబీ!

అయితే ఈ వ్యాపారానికి జనమే ప్రాణం. మిఠాయి ఇవాళ అమ్ముడుపోకపోతే రేపు పోతుంది. బఫే కూర అలా కాదు. పాతికమందికి వండినా, పదిమందే వచ్చినా, మధ్యాహ్నం దాటేలోపు ఖాళీ కావాల్సిందే. లేదంటే నష్టమే.

సరిగ్గా అక్కడే దెబ్బపడింది. లండన్-బర్మింగ్‌హామ్ హైస్పీడ్ రైలు మార్గానికి 2017లో చట్టం వచ్చింది. యూస్టన్ చుట్టూ కూల్చివేతలు మొదలయ్యాయి. స్టేషన్ నుంచి వీధిలోకి నేరుగా వచ్చే దారికి కంచెలు అడ్డుపడ్డాయి. రైలు దిగి ఆకలితో ఇటు నడిచొచ్చేవాళ్లు తగ్గారు. 2020లో కరోనా వచ్చి ఆఫీసు ఉద్యోగులనూ ఇళ్లలో కూర్చోబెట్టింది. ఇంతలో, ఖర్చు పెరిగిపోతోందంటూ 2023 మార్చిలో ప్రభుత్వం యూస్టన్ పనులను ఆపేసింది. ఏళ్లతరబడి కంచెలు భరించిన వ్యాపారులకు అప్పటికి కొత్త స్టేషనూ లేదు, పాత గిరాకీ లేదు. యూస్టన్ దాకా సొరంగం తవ్వడానికి నిధులిస్తామని 2024 అక్టోబరులో ప్రభుత్వం ప్రకటించింది.

స్టేషన్ పూర్తయితే ప్రయాణికులు పెరుగుతారు, వీధికీ మంచిదే. కానీ అందాకా నిలబడాలంటే పొయ్యి రోజూ వెలగాలి, దానికి రోజూ జనం రావాలి. లండన్ వెళ్లే మనవాళ్లు ఆ పని చేయొచ్చు. యూస్టన్‌లో దిగినప్పుడు కాస్త చుట్టు తిరిగైనా ఆ వీధికి వెళ్తే చాలు. ఆకలితో వెళ్తే ఇంకా మంచిది!