ఇంజన్లో ఐబు ఉన్న పాత కారు: కొనాలా, వదిలేయాలా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో పాత కారు బేరం మొదలైతే ఎక్కడో ఒక చోట ఈ మాట వస్తుంది: "బండి అంతా బాగుంది భాయ్, ఇంజన్లో చిన్న పని ఉంది, అంతే. అందుకే 80 వేలు తగ్గించి ఇస్తున్నా." వినడానికి బాగుంటుంది. టైర్లు కొత్తవి, సీటు కవర్లు కొత్తవి, ఏసీ చల్లగా వస్తుంది. కొనేవాళ్లు ఎక్కువగా కువైట్‌లోనో సౌదీలోనో నాలుగేళ్లు కష్టపడి వచ్చినవాళ్లు, చిన్న షాపు నడుపుకునేవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లను ఆస్పత్రికి తిప్పుకోవడానికి ఒక బండి ఉంటే చాలనుకునేవాళ్లు. చేతిలో ఉన్నది రెండు, రెండున్నర లక్షలు. అది పోతే మళ్లీ కూడబెట్టడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఆ "చిన్న పని" ఎంత చిన్నదో డబ్బు ఇవ్వకముందే తేల్చుకోవాలి.

ఈ బండ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

మన ప్రాంతం రాష్ట్రం అంచున ఉంది. కుప్పం అయితే ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు మూడూ కలిసే చోట. మూడు ఊళ్లకూ బెంగళూరు ఇంచుమించు మూడు గంటల ప్రయాణం. అందుకే మన రోడ్ల మీద ఏపీ నంబర్ల పక్కనే కేఏ, టీఎన్ నంబర్ల బండ్లు కనిపిస్తాయి. పెద్ద సిటీలో పాత బండ్లు ఎక్కువ, కాబట్టి ధర కొంచెం తక్కువ. అందులో తప్పేమీ లేదు.

కానీ ఒక జాగ్రత్త ఉంది. 2015 డిసెంబర్‌లో చెన్నై మునిగింది. 2022 సెప్టెంబర్‌లో బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు వైపు నీళ్లు నిలిచాయి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానుకు మళ్లీ చెన్నై, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ. ప్రతిసారీ కార్లు నీళ్లలో మునిగాయి. నీళ్లలో ఉన్న బండిని స్టార్ట్ చేస్తే నీళ్లు సిలిండర్లోకి వెళ్తాయి. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీళ్లను నొక్కలేదు. దాంతో కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మామూలు ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా, ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ లేకపోతే ఈ నష్టానికి సాధారణంగా కంపెనీ డబ్బు కట్టదు. అలాంటప్పుడు ఓనర్ ఏం చేస్తాడు? ఎలాగోలా నడిచేలా చేసి, దూరపు ఊరికి అమ్మేస్తాడు.

నీళ్లలో మునిగిన బండిని కనిపెట్టడం కష్టం కాదు. సీటు బెల్టును చివరిదాకా లాగండి. లోపలి భాగంలో బురద మరక ఉంటే అనుమానించాలి. సీటు కింద పట్టాల తుప్పు, డిక్కీలో స్టెప్నీ గుంతలో మట్టి, హెడ్‌లైట్ లోపల తేమ కూడా చూడండి. ఇవి కనిపిస్తే ధర గురించి మాట్లాడకుండానే తిరిగి రావడం మేలు. ఇంజన్ బాగైనా వైరింగ్ ఏళ్ల తరబడి ఇబ్బంది పెడుతుంది.

చిన్న పని ఏది, పెద్ద పని ఏది?

ఇంజన్ లోపాలను మూడు మెట్లుగా చూడొచ్చు.

మొదటిది ఇంజన్ బయటి పని. బెల్టు, ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్, సెన్సార్, థర్మోస్టాట్, వాటర్ పంపు, ఇంజన్ మౌంటింగ్. ఇవి నిజంగానే చిన్న పనులు. సామాను మార్చితే అయిపోతుంది.

రెండోది మధ్య రకం. డీజిల్ బండిలో ఇంజెక్టర్లు, టర్బో. ఏ బండిలోనైనా టైమింగ్ చైన్, హెడ్ గ్యాస్కెట్. ఇక్కడ ఖర్చు వేలల్లోంచి పదుల వేలల్లోకి వెళ్తుంది. కామన్ రైల్ డీజిల్ ఇంజెక్టర్లు నాలుగూ మార్చాల్సి వస్తే బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి.

మూడోది ఇంజన్ దించాల్సిన పని. పిస్టన్ రింగులు అరిగి బోరుకు రావడం, క్రాంక్ బేరింగులు పోవడం, హెడ్ పగలడం. ఇక్కడ మెకానిక్ ముందు చెప్పిన అంకె మీద ఎవరూ హామీ ఇవ్వలేరు. విప్పాక మరొకటి బయటపడుతుంది.

చిక్కు ఏమిటంటే, మొదటి మెట్టు లోపానికీ మూడో మెట్టు లోపానికీ బయటికి కనిపించే లక్షణం ఒకటే కావచ్చు. బండి వేడెక్కుతోందంటే థర్మోస్టాట్ పోయి ఉండొచ్చు, హెడ్ పగిలి కూడా ఉండొచ్చు. మన వైపు ఇంకో కారణం కూడా ఉంది. కూలెంట్ బదులు రేడియేటర్లో బోరు నీళ్లు పోస్తుంటారు. ఉప్పు ఎక్కువున్న నీళ్లు లోపల పాచిలా గట్టిపడి, నీళ్లు తిరిగే దారులు మూసుకుపోతాయి. బండి చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి చూడండి. రంగు కూలెంట్ లేకుండా తుప్పు నీళ్లు ఉంటే, ఆ బండిని ఎలా చూసుకున్నారో తెలిసిపోతుంది.

ఎలా చూడాలి?

ముందే చెప్పకుండా పొద్దున్నే వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేశారని అర్థం. చల్లటి ఇంజన్ దాచుకోలేని సంగతులను వేడి ఇంజన్ దాచేస్తుంది.

స్టార్ట్ చేశాక పొగ చూడండి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ మండుతోంది, రింగులో వాల్వ్ సీళ్లో టర్బోనో పోయింది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి వెళ్తుండొచ్చు. నల్లపొగ అయితే డీజిల్ సరిగా మండడం లేదు, ఇంజెక్టర్ల వైపు చూడాలి. ఆయిల్ పోసే మూత తీసి చూడండి. లోపల పాలు కలిపిన టీ రంగులో జిగురు ఉంటే ఆయిల్లో నీళ్లు కలిశాయేమోనని అనుమానించాలి. ఇంజన్ నడుస్తుండగా ఆ మూత వదులు చేస్తే గుప్పుగుప్పున పొగ కొడుతుంటే బోరు అరిగినట్టే.

తర్వాత బండిని ఎత్తు ఎక్కించండి. ఊర్లో చదును రోడ్డు మీద రెండు కిలోమీటర్లు నడిపితే ఏమీ తెలియదు. మదనపల్లె వాళ్లకు హార్సిలీ హిల్స్ ఘాట్ ఉండనే ఉంది. పుంగనూరు వాళ్లు పలమనేరు దాటి మొగిలి ఘాట్ దాకా వెళ్లొచ్చు. నలుగురు కూర్చుని, ఏసీ వేసి, ఎక్కించండి. హీట్ ముల్లు పైకి లేస్తోందా, లాగడం తగ్గుతోందా, గేరు మార్చినప్పుడు వెనక పొగ వదులుతోందా చూడండి. ఓనర్ ఇందుకు ఒప్పుకోకపోతే అదే జవాబు.

చివరిగా మీ మెకానిక్‌తో స్కానర్ పెట్టించండి, కంప్రెషన్ టెస్ట్ చేయించండి. అమ్మేవాళ్ల మెకానిక్ వద్దు, బ్రోకర్ చూపించిన మెకానిక్ కూడా వద్దు. స్కానర్లో కోడ్‌లు ఏమీ లేకుండా ఖాళీగా ఉంటే వెంటనే సంతోషపడకండి. ముందురోజే చెరిపేసి ఉండొచ్చు. ఘాట్ ఎక్కి దిగాక ఇంకోసారి చూడాలి.

లెక్క ఇలా వేయండి

ఇవి అర్థం కావడానికి వేసుకున్న అంకెలు మాత్రమే. అదే మోడల్, అదే సంవత్సరం బండి మంచి కండిషన్లో 3,20,000 పలుకుతోందనుకోండి. లోపం ఉన్న బండికి 2,40,000 అడుగుతున్నారు. మెకానిక్ ఏమంటున్నాడంటే, గ్యాస్కెట్ ఒక్కటే అయితే 25 వేలు, ఇంజన్ దించాల్సి వస్తే 90 వేలు.

గ్యాస్కెట్ అయితే బండి షెడ్డులో ఉన్నన్ని రోజుల ఖర్చు ఒక 5 వేలు కలుపుకుని మొత్తం 2,70,000. అంటే 50 వేలు లాభం. ఇంజన్ దించితే మూడు వారాలు పోతాయి, దానికి 12 వేలు వేసుకుంటే మొత్తం 3,42,000. అంటే మంచి బండి కంటే 22 వేలు ఎక్కువ పెట్టి, విప్పి బిగించిన ఇంజన్ కొన్నట్టు.

"సగం సగం అవకాశం అనుకున్నా సగటున 14 వేలు లాభమే కదా" అని ఎవరైనా అంటారు. ఆ లెక్క వ్యాపారికి సరిపోతుంది. అతను పది బండ్లు కొంటాడు, రెండింట్లో పోయింది ఎనిమిదింట్లో తెచ్చుకుంటాడు. మీరు కొనేది ఒక్కటే బండి. మీకు సగటు రాదు, రెండింట్లో ఏదో ఒకటే వస్తుంది. కాబట్టి చెడ్డ లెక్క మీదే ధర కట్టాలి. 3,20,000లోంచి 90 వేలు, 12 వేలు, విప్పాక బయటపడే వాటికి ఇంకో 20 వేలు తీసేయండి. 1,98,000 మిగులుతుంది. మీరు ఇవ్వగలిగే పై ధర అదే. 80 వేలు తగ్గించామని వాళ్లు చెప్పేది నిజమే, కానీ తగ్గాల్సింది 1,22,000.

ఇంకో పరీక్ష కూడా ఉంది. బండి ధర, చెడ్డ రిపేరు రెండూ కలిపి ఈరోజు మీ చేతిలో ఉన్నాయా? 2,50,000 మాత్రమే ఉండి 2,40,000కి కొంటే, ఇంజన్ విప్పిన రోజున వడ్డీకి తేవాలి, లేదా బండి షెడ్డులోనే ఉండిపోతుంది. విప్పిన బండిని ఎవరూ కొనరు.

అమ్మేవాళ్లు ఒప్పుకుంటే హెడ్ విప్పించి చూడటానికి మీరే కూలి పెట్టుకోండి. కొనకపోయినా ఆ నాలుగైదు వేలు వృథా కాదు. లోపం గ్యాస్కెటే అని తేలితే అప్పుడు 2,40,000 కూడా సరైన ధరే అవుతుంది.

కాగితాలు

పక్క రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ, అంటే ఫారం 28 ఉండాలి. పేరు మార్పిడికి ఫారం 29, 30. ఫైనాన్స్ ఉండి తీరిపోతే ఫారం 35, బ్యాంకు ఇచ్చే కాగితం. వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలకు మించి ఇక్కడే ఉంచుకుంటే కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 చెబుతోంది. ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ ఎంతో బయానా ఇవ్వకముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి, ఆ మొత్తాన్ని ధరలో కలుపుకోండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే కాబట్టి ఎన్నేళ్లు మిగిలాయో కూడా చూడాలి.

అమ్మేవాళ్లకూ ఒక మాట. బండి ఇచ్చేసి పేరు మార్చకుండా వదిలేస్తే, ప్రమాదం జరిగినప్పుడు ఆర్సీలో పేరున్నవాళ్లే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చింది.

జీఎస్టీ ఉన్న డీలర్ దగ్గర కొంటే 2025 జనవరి నుంచి పన్ను 18 శాతం. అది డీలర్ మార్జిన్ మీదే, మొత్తం ధర మీద కాదు. మామూలు మనిషి తన సొంత కారును అమ్ముకుంటే జీఎస్టీ లేదు.

చట్టం, షరీఅత్ ఏమంటున్నాయి?

కొనేవాడే చూసుకోవాలన్నది 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో మూల సూత్రం. మామూలు శ్రద్ధతో చూస్తే తెలిసిపోయే లోపాన్ని చూడకుండా కొని, తర్వాత అమ్మినవాళ్లు చెప్పలేదని అంటే 1872 కాంట్రాక్టు చట్టం కింద పెద్దగా ఆసరా దొరకదు. డీలర్ దగ్గర కొంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి ఉంది. పక్కవీధి మనిషి దగ్గర కొంటే ఆ దారి ఉండదు.

మన దీన్ అమ్మేవాళ్ల మీద ఎక్కువ బరువు పెట్టింది. ధాన్యం రాశిలో చెయ్యి పెట్టి చూసి, లోపలి తడిని పైకి ఎందుకు పెట్టలేదని రసూలుల్లాహ్ (స) వ్యాపారిని అడిగిన సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. లోపం దాచి అమ్మితే, తెలిసిన తర్వాత సరుకు తిరిగి ఇచ్చే హక్కును ఫిఖహ్‌లో ఖియార్-ఎ-ఐబ్ అంటారు. అయితే లోపం తెలిసి ఒప్పుకుని కొన్నవాళ్లకు ఆ లోపం మీద ఈ హక్కు ఉండదు. అందుకే ఏ లోపం చెప్పారో, ఎంత ధరకు ఒప్పుకున్నారో, మీటర్ ఎన్ని కిలోమీటర్లు చూపిస్తోందో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. చెప్పిన ఐబు ఏదో, దాచిన ఐబు ఏదో రేపు తేల్చేది ఆ కాగితమే.

చివరికి

లోపం ఏమిటో విప్పి తేలి, చెడ్డ లెక్క వేసినా ధర కుదిరి, రిపేరు డబ్బు చేతిలో ఉంటే కొనండి, ఇబ్బంది లేదు. లోపం తేలకుండా "చిన్న పనే" అన్న మాట మీద, లేదా "సాయంత్రానికి వేరేవాళ్లు వస్తున్నారు" అన్న తొందర మీద కొనకండి. ఆ వేరేవాళ్లే కొనుక్కోనివ్వండి. వచ్చే వారం ఇంకో బండి వస్తుంది.