తినే కానుక ఒక అమానతు

పండుగ నాడు ఇంట్లో తయారైన తీపి పదార్థాన్ని పొరుగింటికి పంపడం మన కుటుంబాలలో తరతరాలుగా వస్తున్న మంచి ఆచారం. షీర్ ఖుర్మా గిన్నెలు మూతలు వేసుకొని ఒక గుమ్మం నుండి మరొక గుమ్మానికి సాగే దృశ్యం విశాఖపట్నం పాత పట్టణంలోను, గాజువాక వీధులలోను, ఉక్కునగరం క్వార్టర్లలోను నేటికీ కనిపిస్తుంది. ఇటీవలి కాలంలో ఆ గిన్నెల సరసన మరొకటి వచ్చి చేరింది. అది రంగుల కాగితంలో చుట్టిన చాక్లెట్ పెట్టె. పిల్లలు దానినే ముందుగా అందుకుంటారు. పెద్దలు దాని వెల చూసి, తిరిగి అంతటిది పంపగలమా అని ఆలోచనలో పడతారు.

ఇక్కడ మనం గమనించవలసినవి రెండు విషయాలు. కానుకలో పోటీ ప్రవేశిస్తే ప్రేమకు బదులు భారం మిగులుతుంది. ఓడరేవులోను, ఉక్కు కర్మాగారంలోను కాంట్రాక్టు కూలీగా పనిచేసే తండ్రికి ఆ భారం ఎంతటిదో చెప్పనవసరం లేదు. పొరుగింటి స్త్రీ పంపిన కానుక మేక గిట్టంత స్వల్పమైనదైనా చిన్నచూపు చూడరాదని దైవప్రవక్త (స) విశ్వాస స్త్రీలకు బోధించారు. ఇక రెండవది ఇంతకన్నా సూక్ష్మమైనది. మన చేతి నుండి తీసుకున్న పదార్థాన్ని పొరుగువారు ప్రశ్నించకుండా నోట పెట్టుకుంటారు. మనపై ఉన్న నమ్మకమే దానికి కారణం. కనుక తినే కానుక ఒక అమానతు. అందులో ఏమున్నదో ఇచ్చేవారికి పూర్తిగా తెలిసి ఉండాలి.

ఈ రెండు చిక్కులకూ ఒక సులువైన పరిష్కారం ఉన్నది. అదే ఇంట్లో చేసుకునే చాక్లెట్ బార్క్. బార్క్ అంటే చెట్టు బెరడు. కరిగించిన చాక్లెట్‌ను పలుచగా పరచి, పైన పప్పులు, పండ్ల ముక్కలు చల్లి, గట్టిపడిన తరువాత చేతితో విరిస్తే వంకరటింకర పలకలు వస్తాయి. అవి బెరడు ముక్కలవలె కనిపిస్తాయి గనుక ఆ పేరు వచ్చింది. అచ్చులు అక్కరలేదు, పొయ్యి మీద పాకం పట్టే నేర్పూ అక్కరలేదు. అందులో వేసే ప్రతి వస్తువూ మన చేతితో ఎంచి వేసినదే.

ఎక్కడో విదేశాలలో పుట్టిన పదార్థంగా చాక్లెట్‌ను మనం చూస్తాము. కోకో చెట్టు జన్మస్థలం అమెరికా ఖండమే. అయితే నేడు మన దేశంలో కోకో అధికంగా పండించే రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉన్నది. ఏలూరు, గోదావరి, కోనసీమ జిల్లాలలో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో రైతులు దీనిని అంతరపంటగా వేస్తున్నారు. హైదరాబాదులో 2023లో ప్రారంభమైన ‘మనం చాక్లెట్’ గోదావరి ప్రాంతపు కోకోతో చాక్లెట్ తయారు చేస్తున్నది.

కోకో కాయను పగులగొట్టి, గుజ్జుతో సహా గింజలను కొన్ని రోజులు పులియబెట్టి, ఆ తరువాత ఎండబెడతారు. ఫిఖ్హ్ పాఠంలో ఈ సంగతి వచ్చినప్పుడు, “పులియబెట్టిన గింజలు హలాలేనా హజ్రత్?” అని విద్యార్థులు అడుగుతారు. మంచి ప్రశ్నే. పులిసే గుజ్జులో మొదట కొంత ఆల్కహాలు పుట్టే మాట నిజం. అది త్వరలోనే పుల్లని ఆమ్లంగా మారిపోతుంది. ఎండబెట్టడంలోను, వేయించడంలోను ఆ ఆమ్లం కూడా చాలావరకు ఎగిరిపోతుంది. మద్యం తనంతట తానే సిర్కాగా మారితే ధర్మసమ్మతమేనని ఫిఖ్హ్ పండితులు చెప్పిన సూత్రం మనకు తెలిసినదే. కోకో గింజను ఎవరూ మత్తు కోసం పులియబెట్టరు, అందులో మత్తు మిగలదు. కాబట్టి సందేహించవలసింది గింజను గురించి కాదు, ఆ తరువాత కర్మాగారంలో కలిపే వాటిని గురించి.

అందుకే చాక్లెట్ కడ్డీ కొనేటప్పుడు పొట్లం వెనుక ముద్రించిన పదార్థాల జాబితాను తప్పక చదవాలి. పచ్చచుక్క ఉంటే చాలునని చాలామంది అనుకుంటారు. ఆ గుర్తు మాంసం, చేప, గుడ్డు, జంతువుల నుండి తీసిన జెలటిన్ వంటివి లేవని మాత్రమే చెబుతుంది. మద్యం లేదని అది చెప్పదు. కొన్ని చాక్లెట్లలో రమ్, బ్రాందీ, లిక్కర్ కలుపుతారు. అటువంటి పేర్లు కనిపిస్తే ఆ పొట్లాన్ని పక్కన పెట్టాలి. ద్రవరూపంలో అమ్మే వనిల్లా ఎక్‌స్ట్రాక్ట్‌ను సాధారణంగా ఆల్కహాలులోనే తీస్తారు. దాని విషయంలో ఉలమాల మధ్య చర్చ ఉన్నది. మనకు ఏలకుల పొడి ఉండగా ఆ చర్చలోకి దిగవలసిన అవసరమే లేదు. పైన చల్లే రంగు పూసలలో 120 అనే సంఖ్య ఉంటే అది పురుగుల నుండి తీసిన ఎర్ర రంగు. మార్ష్‌మాలోలలో సాధారణంగా జెలటిన్ ఉంటుంది. ఇక 322 అంటే లెసిథిన్. చాక్లెట్లలో అది ఎక్కువగా సోయా నుండి వస్తుంది, దానికి భయపడనక్కరలేదు. సందేహం తీరని చోట ఊహతో తీర్పు చెప్పక, మీ ప్రాంతపు ముఫ్తీ గారిని అడగడం మేలు.

అంగడిలో చాక్లెట్ రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి కోకో వెన్న ఉన్న అసలు చాక్లెట్. రెండవది కాంపౌండ్. ఇందులో కోకో వెన్నకు బదులు ఇతర వనస్పతి కొవ్వులు వాడతారు. కాంపౌండ్ చవుక, కరిగించి పోస్తే చాలు, ఎండకు కొంత ఓర్చుకుంటుంది. రుచి మాత్రం అసలు దానికి సాటి రాదు. ఏది వాడినా దోషం లేదు. కాంపౌండ్ ఇచ్చి అసలైనదని చెప్పకుంటే చాలు.

ఇప్పుడు తయారీ చూద్దాం. డార్క్ చాక్లెట్ 400 గ్రాములు, వేయించిన పలాస జీడిపప్పు 60 గ్రాములు, గింజ తీసిన ఎండు ఖర్జూరం ముక్కలు 50 గ్రాములు, వేయించిన నువ్వులు రెండు చెంచాలు, అర చెంచా ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు తీసుకోవాలి. ఇష్టమైతే అరకు కాఫీ గింజలను ముతకగా దంచి ఒక చెంచా చల్లుకోవచ్చు. వేయించినవన్నీ పూర్తిగా చల్లారాలి. మెత్తని ఖర్జూరంలో తేమ ఎక్కువ గనుక ఎండు ఖర్జూరమే వాడాలి.

చాక్లెట్‌ను సన్నగా తరిగి మూడు భాగాలు చేయాలి. రెండు భాగాలను పొడి గిన్నెలో వేసి, వేడినీటి పాత్రపై ఉంచి కరిగించాలి. గిన్నె అడుగు నీటిని తాకరాదు. ఆవిరి చుక్క ఒక్కటి పడినా చాక్లెట్ గడ్డకట్టి ఇసుకవలె మారుతుంది. 45 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కిన తరువాత దించి, మూడవ భాగాన్ని కొద్దికొద్దిగా వేస్తూ 31 లేక 32 డిగ్రీలకు దిగే వరకు కలపాలి. థర్మామీటరు లేనివారు ఒక చుక్కను శుభ్రమైన చెంచాతో తీసి కింది పెదవికి తాకించి చూడవచ్చు. కొంచెం చల్లగా తోస్తే సిద్ధమైనట్లే. ఈ ఓపిక ఎందుకంటే, కోకో వెన్న గట్టిపడేటప్పుడు పలు రకాల స్ఫటికాలుగా ఏర్పడుతుంది. వాటిలో ఒక రకం మాత్రమే మెరుపును, విరిస్తే టక్కుమనే గట్టిదనాన్ని ఇస్తుంది. కరగని ముక్కలలో ఉన్న ఆ స్ఫటికాలు తక్కినదానిని తమ దారిలో నడిపిస్తాయి. ఇది తప్పితే పలకలపై తెల్లని చారలు పడతాయి. అవి బూజు కాదు, తినవచ్చు, కాని చూపుకు బాగుండవు.

ఏలకుల పొడి కలిపి, బటర్ పేపరుపై అర సెంటీమీటరు మందాన పరచి, వెంటనే పప్పులు, ఖర్జూరం, నువ్వులు, ఉప్పు చల్లాలి. పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి చేతితో విరవాలి. ఇంచుమించు అర కిలో బార్క్ వస్తుంది. నూరేసి గ్రాముల చొప్పున ఐదు ఇళ్లకు సరిపోతుంది.

విశాఖ వాతావరణాన్ని మరువరాదు. కోకో వెన్న సుమారు 34 డిగ్రీల వద్ద కరిగిపోతుంది, అంతకుముందే మెత్తబడుతుంది. మన వేసవి మధ్యాహ్నాలు దానికి పడవు. సముద్రపు గాలిలోని తేమ మరొక శత్రువు. తెల్లవారుజామున గాని, రాత్రి గాని చేసుకొని, గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచాలి. బయటకు తీసిన తరువాత చల్లదనం పోయే వరకు మూత తెరవరాదు, లేకుంటే పలకలపై నీరు పడుతుంది. మన పండుగలు సౌర సంవత్సరంలో ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతాయి. కొన్నేళ్లలో రంజాన్ పండుగ చలికాలంలోకి వస్తుంది. ఈ కానుకకు అదే అనువైన కాలం.

ఇక ఇవ్వడం గురించి రెండు మాటలు. ఇద్దరు పొరుగువారిలో ఎవరికి ముందు పంపాలని హజ్రత్ ఆయిషా (రజి) అడిగినప్పుడు, ఎవరి గుమ్మం దగ్గరో వారికని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఆ గుమ్మం వెనుక ఉన్నవారు ఏ మతస్థులని మనం లెక్కించరాదు. విశాఖ ఓడరేవు ముఖద్వారం వద్ద మూడు కొండలపై ఒక ఆలయం, ఒక చర్చి, ఇసాక్ మదీనా దర్గా చేరువలోనే నిలిచి ఉన్నాయి. వాటి నీడలో బ్రతికే మనకు పొరుగు అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. మద్యం లేదని మనం చూసుకున్న చాక్లెట్‌లో జెలటిన్, గుడ్డు కూడా లేకుంటే శాకాహారులైన పొరుగువారూ నిశ్చింతగా తింటారు.

పొట్లంపై చిన్న చీటీ అంటించి, అందులో వేసినవన్నీ తెలుగులో వ్రాయండి. జీడిపప్పు, పాలు, నువ్వులు, సోయా కొందరి ఒంటికి పడవు, ప్రాణం మీదికి వచ్చే సందర్భాలూ ఉన్నాయి. మధుమేహం ఉన్నవారి ఇంటికి ఖర్జూరం తగ్గించి చిన్న పొట్లం పంపండి, లేదా వారికి నచ్చే మరేదైనా పంపండి. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంటికి పంపేటప్పుడు పప్పును మెత్తగా దంచి వేయండి, పలుకులు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉన్నది. ఫిత్రా దానం పేదల హక్కు, దానిని ముందే చెల్లించండి. ఈ కానుక దానికి బదులు కాజాలదు.

ఈ పనిని అమ్మీ ఒక్కరిపైనే వదలవద్దు. అబ్బా పొట్లం వెనుక జాబితా చదవాలి, పెద్దపిల్లలు చాక్లెట్ తరగాలి, చిన్నవారు నువ్వులు చల్లాలి, చేతివ్రాత బాగున్నవారు చీటీ వ్రాయాలి. తాను తినేదానిలో ఏమున్నదో అడిగి తెలుసుకోవడం, ఇతరులకు పెట్టేదానిలో ఏమున్నదో దాచకుండా చెప్పడం పిల్లలు ఆ గంటలో నేర్చుకుంటారు.