ఎవరి తాలూకు నువ్వు?

1929 ఆరంభం. బ్యూనస్ ఎయిర్స్ రేవుకు ఇటలీ ఓడ ఒకటి వచ్చి ఆగింది. భూగోళానికి ఆ దిగువన అవి నడి ఎండాకాలం రోజులు. ఒళ్లంతా చెమటలు కక్కే ఆ ఉక్కలో ఒకావిడ బొచ్చుకోటు తొడుక్కుని మరీ ఓడ దిగింది. ఎండకు మతి పోయిందేమో అనుకున్నా ఎవర్నీ తప్పుపట్టలేం. అసలు సంగతి కోటు అస్తరులో ఉంది. ఇటలీలో ఉన్నదంతా అమ్మగా వచ్చిన సొమ్మును అందులో పెట్టి కుట్టేసుకుంది. ఆవిడ పేరు రోజా బెర్గోలియో. పక్కన భర్త, చేతికి అందివచ్చిన కొడుకు మారియో. ఆ మారియో కన్న బిడ్డే తర్వాతి కాలపు పోప్ ఫ్రాన్సిస్.

వాళ్లు అంతకు ముందే రావాల్సింది. 1927లో ప్రిన్సిపెస్సా మఫాల్దా ఓడకి టికెట్లు కూడా కొనుక్కున్నారు. తీరా ఆస్తుల బేరం తెమలక ప్రయాణం ఆగిపోయింది. ఆ అక్టోబరులో ఆ ఓడ బ్రెజిల్ తీరానికి అవతల మునిగింది. మూడు వందల మందికి పైగా పోయారు.

పోపు గారింటి కథ గనక కోటు అస్తరు దాకా లోకానికి తెలిసింది. 1861లో ఇటలీ ఒక్క దేశమైంది మొదలు వందేళ్ల పైచిలుకు కాలంలో రెండున్నర కోట్ల మందికి పైగా ఆ దేశం విడిచి వెళ్లారు. 1880 నుంచి 1920 లోపు అమెరికా చేరినవాళ్లే నలభై లక్షలు దాటారు. ఎక్కువ మంది దక్షిణాది రైతు కూలీలు: సిసిలీ, కలాబ్రియా, కంపానియా, బసిలికాతా వాళ్లు. భూమి దొరలది, పన్నులు కొత్త ప్రభుత్వానివి, మలేరియా మాత్రం పూర్తిగా వీళ్లది. వాళ్ల మనవలూ మునిమనవలూ ఇప్పుడు తలపండి, తీరిక చిక్కి, మనవాళ్లెవరా అని వెతుక్కుంటున్నారు. చేతిలో ఉన్నది ఒక ఫొటో, ఒక ఇంటిపేరు, ‘తాతది నేపుల్స్ దగ్గర’ అనే ఒక్క ముక్క. ఆ ముక్కే చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. తాత ఓడెక్కింది నేపుల్స్‌లో. పుట్టింది అక్కణ్నుంచి రెండు రోజులు నడిస్తే గానీ రాని ఏ కొండ మీది ఊళ్లోనో.

ఊరు తెలియాలంటే ఓడ చిట్టా చూడాలి. న్యూయార్క్ ఎల్లిస్ ఐలండ్‌లో 1892 నుంచి 1954 దాకా కోటీ ఇరవై లక్షల మంది దిగారు. 1907 నాటి చట్టంతో ఆ చిట్టాల్లో ఒక కొత్త గడి చేరింది: వచ్చిన దేశంలో నీ దగ్గరి బంధువెవరు, ఏ ఊరు? అవతలి పేజీలో అంతకు ముందే ఉన్న గడి: ఇక్కడ ఎవరింటికి వెళ్తున్నావు, చిరునామా ఏమిటి? అధికారులకు అది వచ్చినవాడు ఊరి మీద పడతాడా, ఆదుకునేవాళ్లున్నారా అని చూసుకునే లెక్క. వెతుక్కునే మునిమనవడికి మాత్రం వదిలొచ్చిన తండ్రి పేరు ఒకవైపు, రమ్మన్న బావమరిది పేరు మరోవైపు ఒకే వరసలో దొరుకుతాయి.

‘ఎల్లిస్ ఐలండ్‌లో మా ఇంటిపేరు మార్చేశారు’ అనని కుటుంబం అరుదు. ‘గాడ్‌ఫాదర్’ రెండో భాగంలో కుర్రాడి పేరడిగిన గుమాస్తా ఊరి పేరునే ఇంటిపేరుగా రాసేసే దృశ్యం ఈ నమ్మకాన్ని మరీ గట్టి చేసింది. నిజానికి చిట్టా రాసింది ఓడ కంపెనీ గుమాస్తాలు, అదీ బయల్దేరిన రేవులోనే. ఎల్లిస్ ఐలండ్ వాళ్లు దాన్ని ముందు పెట్టుకుని సరిచూసుకున్నారంతే. పేర్లు ఎక్కువగా మారింది తర్వాతే: బళ్లో పంతులమ్మ నోట, ఫ్యాక్టరీ హాజరు పట్టీలో, పౌరసత్వం కాగితాల మీద. చాలాసార్లు తాతలే మార్చుకున్నారు. ఆ మాట ఒప్పుకోవడం కన్నా గుమాస్తా మీద నెట్టడం సుఖం.

నాయనమ్మ సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ‘నాయనమ్మ ఏ ఓడలోనూ లేదు’ అని తల పట్టుకునేవాళ్లు ఆమెను భర్త ఇంటిపేరుతో వెతుకుతుంటారు. ఇటలీ కాగితాల్లో ఆడమనిషికి పుట్టింటి పేరే చచ్చేదాకా నిలుస్తుంది. పిల్లల్ని వెంటబెట్టుకుని భర్త దగ్గరికి వచ్చిన ఆమె చాలా చిట్టాల్లో పుట్టింటి పేరుతోనే ఉంటుంది. పెళ్లి శుభలేఖ దాటితే అమ్మమ్మ పుట్టింటి పేరు గుర్తులేని మన ఇళ్లలో ఈ సౌకర్యం లేదు.

ఊరు దొరికాక పని సులువు కావాలి. కాదు. పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు పెట్టడం అక్కడి ఆనవాయితీ. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అయిదుగురు అన్నదమ్ములుంటే అయిదిళ్లలోనూ ఒకే పేరు మనవలు, అదే ఇంటిపేరు, అదే వీధి. వీళ్లలో మనవాడెవడో తేల్చేది పెళ్లి కాగితాల కట్ట. నేపుల్స్ రాజ్యంలో నెపోలియన్ నాటి చట్టంతో 1809 నుంచి, సిసిలీలో 1820 నుంచి జనన మరణాలు, పెళ్లిళ్లు సర్కారు పుస్తకాల్లోకెక్కాయి. అప్పట్లో పెళ్లికి పెద్దల అనుమతి తప్పనిసరి. తండ్రి పోయుంటే అతని మరణ పత్రం, అప్పుడు అనుమతి ఇవ్వాల్సింది తాత గనక తాత కూడా పోయుంటే ఆయన మరణ పత్రం జత చేయాల్సి వచ్చేది. ఒక్క కట్ట విప్పితే మూడు తరాలు బయటపడతాయి. అంతకు ముందు కాలానికి చర్చి పుస్తకాలు, 1563లో కాథలిక్ చర్చి ట్రెంట్ మహాసభలో చేసిన కట్టడి పుణ్యమా అని. సర్కారు పుస్తకాల్లో చాలావాటిని ఇటలీ ప్రభుత్వ పురాపత్రశాఖ ‘అంతెనాతి’ పేరుతో ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఆ మాటకు అర్థం పూర్వీకులు.

ఊరు తెలియకపోయినా కొన్నిసార్లు వీధి చెప్పేస్తుంది. వెళ్లినవాళ్లు దేశానికి వెళ్లలేదు, తమ ఊరివాళ్ల దగ్గరికి వెళ్లారు. సిసిలీలోని మెలిల్లీ వాళ్లు కనెక్టికట్‌లోని మిడిల్‌టౌన్‌లో, షాక్కా జాలరులు బోస్టన్ నార్త్ ఎండ్‌లో. పూలియాలోని రొజేతో వల్ఫొర్తోరె జనం పెన్సిల్వేనియా పలకరాతి గనులకెళ్లి, కట్టుకున్న ఊరికి రొజేతో అనే పేరు పెట్టుకున్నారు. 1960ల్లో డాక్టర్లు అక్కడ గుండెజబ్బు చావులు పొరుగూళ్ల కన్నా బాగా తక్కువని చూసి, ఒకే ఇంట మూడు తరాల కాపురాన్ని కారణంగా చెప్పారు. పిల్లలు విడిగా ఇళ్లు కట్టుకుని, గేటు ముందు కారు నిలిపాక ఆ తేడా చెరిగిపోయింది. నిజంగా కాపురమే కారణమో, ఆ డాక్టర్లకు నచ్చిన కథో నాకు కొంచెం అనుమానమే.

మరి బంధువులు తెగిపోయింది ఎక్కడ? 1924లో అమెరికా తలుపు మూసింది. ఇటలీ నుంచి ఏటా 3,845 మందికే చోటు. కొత్త మేనల్లుళ్లు రావడం ఆగింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. పౌరసత్వం తీసుకోని ఆరు లక్షల మంది ఇటాలియన్లకు శత్రుదేశీయులని ముద్ర పడింది, శత్రువు భాష మాట్లాడొద్దని గోడల మీద పోస్టర్లు వెలిశాయి. తల్లులు పిల్లలతో ఇంగ్లిష్ మొదలుపెట్టారు. ఇటలీలోని పెద్దమ్మ రాసిన ఉత్తరం చదవగలిగిన ఆఖరి మనిషి పోయాక, ఆ ఉత్తరాలు బిస్కెట్ డబ్బాలోకి చేరాయి.

ఈ తెగడం మనకూ ఉంది. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో, ఆ తర్వాతి ఓడల్లో దక్షిణాఫ్రికాలోని నతాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువాళ్లున్నారు. వాళ్ల మునిమనవలు డర్బన్‌లో ఓడ చిట్టాలు ముందేసుకుని, ఇంగ్లిష్ గుమాస్తా చెవికి తోచినట్టు రాసిన తండ్రి పేరు, తాలూకా, ఊరు కూడబలుక్కుంటున్నారు.

వెతికేవాళ్లలో ఇటలీ పాస్‌పోర్టు కోసం దిగినవాళ్లూ ఉన్నారు. 2025లో ఇటలీ చట్టం బిగించి, పౌరసత్వ హక్కును దాదాపు తాత తరం దగ్గర ఆపేసింది. అంతకు ముందు ఏడాదినే వేర్ల సంవత్సరమని ప్రకటించి, రండి రండి అని పిలిచిన ప్రభుత్వం అదే.

ఏ కాగితమూ అక్కర్లేని రాకపోకలూ ఉంటాయి. 2022 నవంబరులో పోప్ ఫ్రాన్సిస్ తన తండ్రివైపు వారి సీమ ఆస్తి జిల్లాకు వెళ్లాడు (ఊరి పేరే ఆస్తి, అమ్ముకుని పోయినవాళ్ల కథలో ఇంతకన్నా మంచి పేరు నవల్లోనూ కుదరదు). పోర్తకొమారోలో ఉంటున్న ఒక కజిన్‌కి తొంభై ఏళ్లు నిండిన వేడుక. ఆమె ఇంట మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాడు. నాయనమ్మ రోజా దగ్గర పెరుగుతూ ఆ పీడ్‌మాంట్ సీమ యాస నేర్చిన మనిషి.

అందరికీ అంత తేలిక కాదు. ఊరు చేరినవాళ్లు ముందు శ్మశానానికి పోతారు. ముత్తాత సమాధి ఉండదు. చాలాచోట్ల సమాధి స్థలం గడువు మీద ఇస్తారు, గడువు తీరాక ఎముకలు తీసి వేరే గూట్లో పెడతారు. తర్వాత బజారుకొస్తారు. అరుగు మీది ముసలివాళ్లకు ఇంటిపేరు చెబితే పెదవి విరుస్తారు, ఊళ్లో సగం మందిది అదే. పైగా లోపల ఒక గుబులు: ఈ అమెరికావాడు తాత పొలంలో వాటా అడగడానికి వచ్చాడేమో! అందుకే దక్షిణ ఇటలీ పల్లెల్లో కొత్తవాణ్ని నీ పేరేమిటని కాదు, ‘అ కి అపర్తియేని’ అని అడుగుతారు. మన గోదావరి లంకల్లోనూ, పాలమూరు రచ్చబండ మీదా అడిగేదదే. ఎవరి తాలూకు నువ్వు?

దానికి జవాబు ఏ చిట్టాలోనూ రాసి ఉండదు. ఒకే ఇంటిపేరున్న పది ఇళ్లను విడదీసి చెప్పడానికి ఊరు పెట్టుకున్న ఎకసెక్కపు పేర్లుంటాయి: కుంటివాడి వాళ్లు, ఎర్రజుట్టు వాళ్లు, గంటలు కొట్టేవాడి వాళ్లు. ఎప్పుడో పండగ భోజనాల దగ్గర నాయనమ్మ నవ్వుతూ అన్న ఆ పేరు వచ్చినవాడికి గుర్తుండాలి. నోట పడిందా, ముసలావిడ కుర్చీలోంచి లేచి, వీధికి అడ్డంగా నడిచి, ఎదురింటి తలుపు కొడుతుంది.