కడప చేరని 48 టన్నుల దుడ్లు

1809 జనవరి 24 రాత్రి ఇంగ్లండు ఆగ్నేయ తీరంలో పెద్ద గాలివాన. మద్రాసుకు బయలుదేరిన ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ అనే ఈస్టిండియా కంపెనీ ఓడ ఆ గాలికి గుడ్విన్ శాండ్స్ అనే ఇసుకమేటల మీదికి కొట్టుకుపోయి ముక్కలైంది. 816 టన్నుల ఓడ అది. అందులో ఇనుము, లంగర్లు, ఫిరంగి గుండ్లతో పాటు 48 టన్నుల రాగి నాణేలున్నాయి. అన్నీ కొత్తవే. బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రాల మీద 1808 సంవత్సరం వేసి ముద్రించినవి. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రజల చేతుల్లో తిరగాల్సిన చిల్లర అది.

ఆ ప్రెసిడెన్సీలో మన కడప కూడా ఉంది. 1800 అక్టోబరులో నిజాం కంపెనీకి ఇచ్చేసిన దత్త మండలాల్లో కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలున్నాయి. కర్నూలు నవాబు మాత్రం 1839 దాకా కప్పం కడుతూ నిలబడ్డాడు. కాబట్టి ఆ రాగి బిళ్లలు మద్రాసులో దిగి ఉంటే, కొన్నయినా బండ్ల మీద ఘాట్లెక్కి సీమ సంతలకు చేరేవే. ఇప్పుడు అవే నాణేలు సముద్రంలోంచి బయటికొచ్చి, దేశాలు తిరిగి, పాత సామాన్ల అంగళ్లలో, సెల్‌ఫోన్‌లో జరిగే అమ్మకాల్లో ‘ఓడ నాణెం’ పేరుతో కనిపిస్తున్నాయి. చూపించి లక్షలు చెప్పేవాళ్లూ ఉన్నారు. అసలు దాని విలువెంతో తేల్చడానికి కొన్ని అంకెలు చాలు.

మొదట ఆ కాలం విలువే చూద్దాం. మద్రాసు లెక్కలో 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా, మూడున్నర రూపాయలు ఒక వరహా. అంటే రూపాయికి 960 కాసులు. ఓడలో ఉన్నవి రెండు రకాలు: 20 కాసుల బిళ్ల, 10 కాసుల బిళ్ల. మొదటిది దాదాపు 9.33 గ్రాములు, రెండోది అందులో సరిగ్గా సగం. రూపాయికి పెద్దవి 48, చిన్నవి 96. ఎటు చూసినా ఒక రూపాయి చిల్లర తూకం 448 గ్రాములే. అందుకే ఓడలో ఏ రకం ఎన్ని ఉన్నా మొత్తం ఖరీదు మారదు. ఇంగ్లీషు టన్ను 1,016 కిలోలు గనక 48 టన్నులకు 48,768 కిలోలు. దాన్ని 448 గ్రాములతో భాగిస్తే సుమారు 1,08,900 రూపాయలు, దగ్గర దగ్గర 31,100 వరహాలు. అప్పటి మారకంలో వరహాకు 8 షిల్లింగులు వేసుకుంటే 12,400 పౌండ్ల పైచిలుకు. థామస్ మన్రో కలెక్టరుగా ఉన్న ఏడేళ్లలో దత్త మండలాల శిస్తు ఏడాదికి సుమారు 4 లక్షల పౌండ్ల నుంచి 6 లక్షల పౌండ్లకు పెరిగింది. అంటే ఓడతో మునిగింది ఆ శిస్తులో నూటికి రెండు మూడు పాళ్లు. నిధి అనేంత సొమ్ము కాదు. ఉప్పు, నూనె, కూరగాయలు కొనే చిల్లర. చిల్లర మునిగితే దెబ్బ తగిలేది సంతలో బేరమాడే మనిషికే, వరహాల్లో లెక్క చూసుకునే సాహుకారికి కాదు.

ఆ బిళ్లల సంఖ్యే నేటి ధరను నిర్ణయిస్తుంది. సరుకంతా పెద్ద బిళ్లలే అయితే సుమారు 52 లక్షలు, అన్నీ చిన్నవే అయితే కోటీ నాలుగు లక్షలు. నిజం ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. 1976లో డోవర్ రేవు పనులకు సముద్రంలో తవ్విన ఇసుకలో కొన్ని నాణేలు బయటపడ్డాయి. 1980ల్లో ఓడ జాడ దొరికాక పది లక్షలకు పైగా పైకి తీశారు. తర్వాత బ్రిటన్ ఆ చోటును రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. పది లక్షలు బజారులోకొచ్చిన వస్తువు అపురూపమైనది ఎలా అవుతుంది? బ్రిటన్‌లో నాణేల వ్యాపారులు వీటిని ధ్రువపత్రంతో సహా మామూలుగా కొన్ని పదుల పౌండ్లకే అమ్ముతారు. మన రూపాయల్లో రెండు మూడు వేలు. ముద్ర చెక్కుచెదరని మంచి బిళ్ల అయితే కొంచెం ఎక్కువ. కడపలో ఎవరైనా రెండు లక్షలు చెబితే అందులో నాణెం ధర పోను మిగిలినదంతా కథ ధర. లోహానికైతే ఇంకా తక్కువ. కిలో రాగి వెయ్యి రూపాయలనుకున్నా 20 కాసుల బిళ్లలో ఉన్న రాగి తొమ్మిది రూపాయల చిల్లరకు మించదు.

ఇక గుర్తు పట్టడం. పెద్ద బిళ్ల అడ్డుకొలత 30 మిల్లీమీటర్ల పైన, చిన్నది 25, 26 మధ్య. ఒక పక్క కంపెనీ చిహ్నం: డాలును చెరో వైపు పట్టుకున్న రెండు సింహాలు, కింద 1808. రెండో పక్క పర్షియన్ రాత. పెద్ద బిళ్ల మీద ఇరవై కాసులు నాలుగు ఫలూసులనీ, చిన్నదాని మీద పది కాసులు రెండు ఫలూసులనీ ఉంటుంది. దాని కిందే రోమన్ అంకెల్లో విలువ. తెలుగు అక్షరం ఒక్కటీ ఉండదు. 1807లో మద్రాసు టంకశాల కొట్టిన గోపురం బొమ్మ వెండి నాణేల మీద తెలుగూ తమిళమూ ఉన్నాయి గానీ అవి వేరే సంతానం, ఈ ఓడ ఎక్కినవి కావు. కాబట్టి తెలుగు రాతలున్న బిళ్ల చూపించి ‘గార్డ్‌నర్ ఓడది’ అంటే అక్కడితో బేరం ఆపెయ్యొచ్చు.

బంగారం అంగడి తూకం ఈ పనికి చాలు. పది మిల్లీగ్రాముల తేడా కూడా పట్టేస్తుంది. అయితే 9.33 గ్రాములు రావాలని మొండిపట్టు పట్టకూడదు. నూట డెబ్బై ఏళ్లకు పైగా ఉప్పునీళ్లలో ఉన్న రాగి ఎంతో కొంత కరుగుతుంది. సంతల్లో తిరిగిన రాగీ అరుగుతుంది. తక్కువ తూగడం ఒక్కటే దోషం కాదు, ఎలా తగ్గిందో చూడాలి. అసలు సంగతి ఇక్కడే ఉంది.

చేతులు మారిన నాణెంలో ముందు అరిగేది ఎత్తుగా ఉన్న భాగం. సింహం తల, డాలు అంచు నున్నబడి, జేబులో రాసుకున్న గోధుమ రంగు మెరుపు తేలుతుంది. అక్షరాల మధ్య పల్లంలో మాత్రం పాత నలుపు అలాగే ఉంటుంది. భూతద్దం పెడితే సన్నని గీతలు అన్ని దిక్కులా కనిపిస్తాయి. ఉప్పునీటికి ఎత్తుపల్లాల తేడా లేదు, అంతటా తింటుంది. అందుకే ఓడ నాణెం మీద సింహం జూలు వెంట్రుకలు గుర్తుపట్టేంతగా ఉన్నా, పల్లంలో కూడా సన్నని గుంతలు పడి, ఉపరితలమంతా మట్టిరంగులో మెరుపు లేకుండా కనిపిస్తుంది. ముద్దకట్టిన నాణేల్లో లోపలివి మాత్రం ముద్ర వేసిన నాటిలాగే బయటికొచ్చాయి. శుభ్రం చేసేటప్పుడు వాడిన ఆమ్లం వల్ల కొన్నింటికి ఎర్రటి, అప్పుడే కడిగిన చెంబులాంటి రంగు ఉంటుంది. కాబట్టి ముఖం నున్నబడిన 1808 బిళ్ల చేతికొస్తే అది మునిగిన ఓడది కాదు. ఆ ఏటి నాణేలు ఇతర ఓడల మీదా వచ్చి మద్రాసు అంతటా చెలామణీ అయ్యాయి. నా మట్టుకు నాకు మెరిసే ఓడ నాణెం కన్నా ఆ అరిగినదే విలువైనది. అది సీమలో బతికింది, నిజంగా ఉప్పు కొన్నది. బజారు మాత్రం ఈ వరస ఒప్పుకోదు. అరిగిన బిళ్లకు వందల్లోనే ఇస్తారు, అది వాళ్ల లెక్క.

ఇక నకిలీల సంగతి. మన జిల్లాల్లో ఈ వ్యాపారం ఎక్కువగా నడిచేది రాముడి పట్టాభిషేకం, హనుమంతుడు బొమ్మలున్న ‘ఈస్టిండియా కంపెనీ 1818’ బిళ్లలతో. కంపెనీ ఎన్నడూ అలాంటి నాణెం ముద్రించలేదు. 1616, 1717 అని ఏళ్లు వేసినవీ దొరుకుతాయి. అవన్నీ ఇటీవలి కాలంలో పోతపోసిన బొమ్మ బిళ్లలు, పూజలో పెట్టుకోవడానికి పనికొస్తాయేమో గానీ పాతవి కావు. ఇవి బియ్యాన్ని లాగుతాయని, వీటిలో ఇరిడియం ఉందని కోట్లు చెప్పే ‘రైస్ పుల్లింగ్’ ముఠాల కేసులు తెలుగు పత్రికల్లో తరచూ వచ్చేవే. బియ్యం గింజ అయస్కాంతానికి అంటుకోదు, శుద్ధ రాగీ అంటుకోదు. ఇక ఏది దేన్ని లాగుతుంది? పొలం అమ్మి ఆ రాగి ముక్కకు అడ్వాన్సు ఇచ్చే రైతును చూస్తే గుండె తరుక్కుపోతుంది. పాత నాణేలు, నోట్లు కొంటామంటూ తన పేరుతో జరుగుతున్న మోసాల గురించి రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. కమీషన్లు, పన్నులు ముందు కట్టమని అడగడానికి తాను ఎవరికీ అనుమతి ఇవ్వలేదని స్పష్టంగా చెప్పింది.

నిజమైన ఓడ సరుకుకు ధర తెచ్చేది కాగితం. అందులోనూ ఏ కాగితమన్నది ముఖ్యం. ‘ఈ నాణెం ఫలానా ఓడది’ అని ముద్రించిన కార్డు ఏ బిళ్ల పక్కన పెట్టినా సరిపోతుంది. ఆ బిళ్ల ఫొటో, తూకం, అమ్మినవాళ్ల పేరు, తేదీ ఉన్న రసీదు అయితే అది ఒక్కదానికే చెల్లుతుంది. 1752లో మునిగిన డచ్చి ఓడ ‘గెల్డర్‌మాల్‌సెన్’ నుంచి తీసిన లక్షన్నర పింగాణీ వస్తువులను 1986లో క్రిస్టీస్ ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేస్తే బంగారు కడ్డీలతో కలిపి కోటి పౌండ్ల దాకా వచ్చింది. అందులోని గిన్నె ఇప్పుడు చేతులు మారితే ఆ వేలం చీటీ ఉన్నదానికీ లేనిదానికీ ధరలో తేడా ఉంటుంది.

‘మునిగిన రూపాయలు’ అన్న మాటకూ ఒక లెక్క కావాలి. 1942 నవంబరులో బొంబాయి నుంచి వెళ్తూ జర్మన్ జలాంతర్గామి దెబ్బకు ‘సిటీ ఆఫ్ కైరో’ ఓడ మునిగింది. అందులో 100 టన్నుల వెండి రూపాయలున్నాయి. రూపాయి తూకం ఒక తులం, అంటే 11.66 గ్రాములు. లెక్కవేస్తే 85 లక్షలకు పైగా బిళ్లలు. వాటిలో చాలా భాగాన్ని 5,150 మీటర్ల లోతు నుంచి 2013లో తీసి, కరిగించి, వెండిగా అమ్మేశారు. మొత్తం విలువ 3.4 కోట్ల పౌండ్లని 2015లో వెల్లడించారు. చాలా భాగం కరిగిపోయింది కనుక, ‘కైరో ఓడ రూపాయి’ అని ఎవరైనా చెబితే కాగితం చూడకుండా నమ్మడానికి లేదు. కువైట్, సౌదీ దారి పట్టిన రాజంపేట, రాయచోటి వాళ్ల ఇళ్లలో వెండి రియాళ్లు కనిపించే వీలుంది. 1944 ఆగస్టులో ఒమన్ తీరంలో మునిగిన ‘జాన్ బ్యారీ’ అమెరికా ఓడలో 30 లక్షల సౌదీ రియాళ్లున్నాయి. 1994లో 13 లక్షలకు పైగా తీశారు. సౌదీ రియాల్ అప్పట్లో మన రూపాయి తూకానికే సమానం, కాబట్టి తూకంతో దేశం తేల్చలేం. ముఖాన ఉన్న రాతే చూడాలి. ఇవీ లక్షల్లో దొరికినవే, వెండి ధరకు కాస్త ఎక్కువ వేసి కొనదగ్గవి.

నాణెం ఇంటికొచ్చాక పాడు చేసేది మన వంటింటి అలవాటే. రాగి కనిపిస్తే చింతపండుతో తోముతాం. నిమ్మ, ఉప్పు, ఇటుక పొడి పెడతాం. ఒక్కసారి తోమితే పైపొర పోయి, కొనేవాళ్లు వెంటనే పసిగడతారు, ధర సగానికి పైగా పడిపోతుంది. సముద్రపు రాగిలో ఇంకో ప్రమాదం ఉంది. ఉప్పులోని క్లోరైడు లోపల దాగి ఉంటుంది. తేమ తగిలినప్పుడు లేత పచ్చ పొడిగా బయటికొచ్చి లోహాన్ని తొలుస్తూ పోతుంది. దీన్ని బ్రాంజ్ డిసీజ్ అంటారు. గోళ్లతో గీకితే రాలే మెత్తటి పచ్చ కనిపిస్తే మిగతా నాణేల నుంచి వేరు చేసి, సిలికా జెల్ పొట్లాలున్న గాలి చొరని డబ్బాలో పెట్టాలి. గట్టిగా అతుక్కున్న ముదురాకుపచ్చ పూత అయితే భయం లేదు. మన ఎండకాలం వీటికి మేలే చేస్తుంది. తేమ ఎక్కువగా ఉండే వానాకాలంలో మాత్రం రోజూ కాకపోయినా నెలకోసారైనా డబ్బా తెరిచి చూడాలి.

చట్టం దగ్గర రెండు సంగతులు మరిచిపోవద్దు. కొన్న నాణెం వేరు, నేలలో దొరికింది వేరు. జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలల్లో తొలకరి వానలకు వజ్రాల కోసం వెతికేవాళ్లకు రాగి బిళ్ల దొరికినా, అది పది రూపాయలకు మించిన విలువ ఉంటే 1878 నాటి నిధుల చట్టం కింద కలెక్టరుకు తెలియజేయాలి. రెండోది, వందేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువే. దాంతో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి, విదేశాలకు పంపడం సామాన్యుడికి నిషేధం. పంపుతూ పట్టుబడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. అమెరికాలో ఉన్న కొడుక్కి పార్సిల్ చేద్దామనుకునే ముందు కొన్నప్పుడు వచ్చిన రసీదు కాదు, బిళ్ల మీద ఉన్న 1808 అనే అంకె చూసుకోవాలి. కొనే ముందు పోల్చి చూసుకోవాలంటే కర్నూలులోని పురావస్తు మ్యూజియం, కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం దగ్గరలోనే ఉన్నాయి. అక్కడి అధికారులు ధర చెప్పరు గానీ, నాణెం ఏ కాలానిదో, ఎక్కడిదో తేల్చడానికి సాయం అడగొచ్చు. వెళ్లేటప్పుడు తూకం, అడ్డుకొలత కాగితం మీద రాసుకుని, రెండు ముఖాల ఫొటోలు తీసుకుని పోతే పని త్వరగా తెములుతుంది.