చాక్లెట్ కాగితముల కంకణము

1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ పరిసరములలో సాయంకాలము పావుగంట నిలిచి నేలవైపు చూచినచో ఒక విషయము బోధపడును. టీ దుకాణముల ముందు, బస్సు స్టాపుల వద్ద, అద్దాల మేడల ప్రహరీల ప్రక్కన రంగురంగుల చాక్లెట్ కాగితములు పడియుండును. చిల్లర లేదని దుకాణదారుడు రూపాయికి బదులు చాక్లెట్ చేతిలో పెట్టుట మనకు కొత్త గాదు. తినవలసినది తిని, మిగిలినదానిని నేలపాలు చేయుచున్నాము. ఆ మిగిలినదానితో కంకణములు, బెల్టులు, చేతిసంచులు అల్లు విధానమును, దాని మేలును, పరిమితిని వివరించుటయే మా ఉద్దేశము.

పాత ఇనుము, వార్తాపత్రికలు, పాలకవర్లు తూకమునకు కొనువారున్నారు. చాక్లెట్ కాగితమును కొనువారు అరుదు. కాగితమని పిలుచుచున్నను, నేడది పెక్కుమార్లు కాగితమే కాదు. పైన అచ్చు వేసిన ప్లాస్టిక్ పొర, నడుమ అతి పలుచని అల్యూమినియం పూత, లోపల అంటుకొను మరొక పొర. తేమ చొరకుండ కాపాడు ఈ కలయికయే తరువాత ఆ పొరలను విడదీయుట కష్టతరము చేయుచున్నది. 2022 జూలై 1 నుండి దేశమున మిఠాయి పుల్లలుగా వాడు ప్లాస్టిక్ కడ్డీలు, మిఠాయి పెట్టెలపై చుట్టు ప్లాస్టిక్ పొరలు నిషేధింపబడినవి. చాక్లెట్ కాగితము మాత్రము ఆ జాబితాలో లేదు.

ఈ అల్లిక మనకు పూర్తిగా పరాయిది కాదు. 1952లో చిత్తూరులో స్థాపించబడిన న్యూట్రిన్ మిఠాయిలను ఎరిగిన తరమువారు ఇటువంటి కాగితమును నడుము వద్ద మెలిపెట్టి నాట్యకత్తె బొమ్మ చేసినవారే. ప్లాస్టిక్ వైరు బుట్టలు అల్లినవారే. విదేశములలో గ్యారీ డష్ల్ అను ఆయన 1965లో చూయింగ్ గమ్ కాగితములతో ప్రారంభించిన గొలుసు దశాబ్దముల తరబడి పెరిగి గిన్నిస్ గ్రంథమునకెక్కినది.

విధానము సులభము. కాగితములను సబ్బునీటితో కడిగి, నీడలో ఆరబెట్టవలెను. మేము మొదట ఈ పని మానివేసితిమి. మరునాటికి పెట్టెనిండ చీమలు! పిదప 5 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవు గల ముక్కలుగా కత్తిరించవలెను. పొర జారుచున్నచో అదే కొలత గల పాత పత్రిక కాగితమును లోపల ఉంచవలెను. పొడవు అంచులను రెండింటిని నడిమి గీతకు మడిచి, మరల సగమునకు మడిచినచో సన్నని పట్టీ ఏర్పడును. ఆ పట్టీ రెండు కొనలను మధ్యకు మడిచి, తిరిగి సగమునకు మడిచినచో రెండు కాళ్లు గల కొలికి సిద్ధమగును. ఒక కొలికి కాళ్లను మరొకదాని మడతలలో దూర్చి బిగించుచు పోయినచో వంకరటింకర గొలుసు పెరుగును. ముంజేతికి సరిపడగానే, కొనలు మడవని కడపటి కొలికితో మొదటిదానిని కలిపి మూయవలెను. అట్టి గొలుసులను వరుసలుగా పేర్చి నైలాను దారముతో కుట్టినచో బెల్టు, సంచి తయారగును. గడ్డిపరకలను పేనిన మోకు ఏనుగును బంధించునని పెద్దలు చెప్పుమాట ఇచ్చట ప్రత్యక్షమగును.

ఇక ముఖ్యమైన ప్రశ్న ధర. "చెత్తతో చేసినదే గదా, ఇంత ఏల?" అని మమ్ము పలువురు అడిగిరి. మన లాడ్ బజారు గాజులను గమనింతము. లక్క విలువైన లోహము గాదు. దానిని నిప్పుసెగకు మెత్తపరచి, కడియముపై అతికి, వేడి చల్లారకముందే చిన్న చిన్న అద్దములను, రాళ్లను పొదుగు చేతులవలననే దానికి కీర్తి వచ్చినది. 2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది ఆ పనితనమునకే. అట్లే చాక్లెట్ కాగితము వెల సున్న. మడిచిన గంటల వెల సున్న కాదు. ఇంటిపట్టున ఉండి అల్లు అక్కచెల్లెండ్ర శ్రమను చెత్తతో పాటు తూచుట న్యాయము గాదు.

ఒక హెచ్చరిక కూడ అవసరము. నగరపు చెత్త అంతయు మన కంకణములలో ఇమడదు. కాగితము కొరకు చాక్లెట్లు కొనుట మరింత అవివేకము. తెగిపోయిన సంచి చివరకు చెత్తకుండీకే చేరును. మనము పొడిగించినది దాని ఆయువును మాత్రమే. చుట్టుకాగితమును మార్చవలసిన బాధ్యత దానిని తయారుచేయువారిది.

కావున కళాశాల పాలకవర్గమువారికి మా విన్నపము రెండే. క్యాంటీనులో చాక్లెట్ కాగితములకు ప్రత్యేకముగ ఒక పెట్టె ఉంచవలెను. వార్షికోత్సవమున అమ్మకపు బల్ల ఏర్పరచి, ప్రతి వస్తువుపై దానిని చేయుటకు పట్టిన గంటలను వ్రాయించవలెను. 1992 నుండి మాదాపూరులో నెలకొనియున్న శిల్పారామమునకు వచ్చి చేతిపనులను మెచ్చి కొనువారు మన చెంతనే ఉన్నారు. చిల్లరకు బదులుగ చేతికి వచ్చిన కాగితమునుండి ఒక విద్యార్థిని తన పుస్తకములకు సరిపడు రూపాయలు సంపాదించగలిగినచో, మా శ్రమ ఫలించినట్లే భావింతుము.