37 నిమిషాల దూరం, గంట ప్రయాణం

కడప విమానాశ్రయం నుంచి గన్నవరంలోని విజయవాడ విమానాశ్రయానికి తిన్నగా గీత గీసి కొలిస్తే సుమారు 310 కిలోమీటర్లు. ఇలాంటి దగ్గరి దారుల్లో ఎక్కువగా తిరిగేది ఏటీఆర్ (రెక్కలకు పంకాలుండే చిన్న విమానం). పైకి చేరాక అది గంటకు దాదాపు 500 కిలోమీటర్లు పోతుంది. భాగిస్తే 37 నిమిషాలు. టైమ్‌టేబుల్‌లో మాత్రం గంటకు అటూఇటూగా వేస్తారు. మిగతా సమయం ఏమైనట్టు?

టైమ్‌టేబుల్ చెప్పేది గాలిలో గడిపే సమయం ఒక్కటే కాదు. అది బ్లాక్ టైమ్ (చక్రాల కింది అడ్డు తీసినప్పటి నుంచి, దిగాక మళ్లీ అడ్డు పెట్టేదాకా పట్టే సమయం). నేల మీద నడక కూడా అందులోదే.

ఆ నడక చిన్నచోట్లా తక్కువేం కాదు. చాలా చిన్న విమానాశ్రయాల్లో రన్‌వేకు సమాంతరంగా ట్యాక్సీవే (విమానం నేల మీద నడిచే దారి) ఉండదు. అప్పుడు విమానం రన్‌వే మీదే చివరిదాకా నడిచి, అక్కడ వెనక్కి తిరిగి, ఆపైన పరుగు అందుకోవాలి. అది నడిచినంతసేపూ రన్‌వే ఇంకెవరికీ పనికిరాదు. దిగాల్సిన విమానం ఉంటే పైనే ఆగాలి.

గాలిలోకి లేచాక కూడా వెంటనే పూర్తి వేగం రాదు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేగం తక్కువ. 310 కిలోమీటర్లలో పెద్ద భాగం ఈ రెండింటికే పోతుంది.

ఇక గాలి దిక్కు. విమానం ఎదురుగాలికి దిగుతుంది. గన్నవరం రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. కడప విమానం నైరుతి నుంచి వస్తుంది. గాలి తూర్పు నుంచి వీస్తే దాదాపు వచ్చిన దారినే దిగొచ్చు. వానాకాలంలో పడమటి గాలి వీస్తే రన్‌వేను దాటిపోయి, తూర్పున మలుపు తీసుకుని, వెనక్కి రావాలి. ఊళ్ల మధ్య దూరం మారలేదు, ప్రయాణం మాత్రం పెరిగింది. అందుకే సంస్థలు కొన్ని నిమిషాలు ముందే కలిపి టైమ్ వేస్తాయి.

ఈ లెక్క టికెట్ ధరనూ తాకుతుంది. చిన్న ఊళ్లను కలిపే ఉడాన్ పథకం కింద తొలి విమానాలు 2017 ఏప్రిల్ 27న ఎగిరాయి. వాటిలో కడప–హైదరాబాద్ కూడా ఒకటి. గంట ప్రయాణానికి, అంటే సుమారు 500 కిలోమీటర్లకు, పథకం సీట్ల ధర మొదట్లో 2,500 రూపాయలు మించకూడదన్నారు. ఆ పరిమితిని విమానాలకు కిలోమీటర్లలో, హెలికాప్టర్లకు నిమిషాల్లో లెక్కకట్టారు. అంటే రన్‌వే మీద నడిచిన నిమిషాలకూ, మలుపుల్లో కాలిన ఇంధనానికీ విమానం టికెట్‌లో విడిగా లెక్క లేదు.

మరి వేగంగా పోయే జెట్ వేస్తే? పూర్తి ఎత్తుకు చేరి వేగం అందుకునేలోపే దిగే వేళవుతుంది. మిగిలేది కొన్ని నిమిషాలే, ఖర్చయ్యే ఇంధనం మాత్రం ఎక్కువ. ఇంత దగ్గరి ప్రయాణంలో సమయం మిగలాలంటే ఆకాశం కంటే ముందు నేలను చూడాలి. రన్‌వే పక్కన ఒక ట్యాక్సీవే వేసినా దాదాపు అన్నే నిమిషాలు కలిసొస్తాయి.