బందరు బాట – వీధి వంటకములు

ఒక ఊరి చరిత్ర తెలిసికొనగోరువాడు శాసనములు చదువును, కోటగోడలు చూచును, గ్రంథాలయములు గాలించును. ఆ ఊరివారు సాయంకాలము అయిదుగంటలకు వీధిమొగమున నిలుచుండి ఏమి తినుచున్నారో విచారించువాడు అరుదు. బందరుకోటయందు డచ్చివారి కట్టడములు శిథిలములైనవి. వారి సమాధిఫలకములమీది అక్షరములు చదువుటకు ఓపిక కావలయును. ఆ ఊరి లడ్డు మాత్రము నేటికిని పొయ్యిమీదనుండి దిగుచునే యున్నది.

వీధితిండిని గూర్చి వ్రాయుట సాహిత్యమునకు తగునా యని సంకోచింప బనిలేదు. 15వ శతాబ్దినాటి క్రీడాభిరామము దశరూపకములలో ‘వీథి’ యను జాతికి చెందిన కృతి. వినుకొండ వల్లభరాయని పేర అది వెలసినది. శ్రీనాథుని చేయి అందున్నదని వాదించిన పండితులును కలరు. మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రులిరువురు ఓరుగల్లు వీధులలో ఒక దినమంతయు విహరించుట అందలి కథ. ఆ కవి గుడులను, ఆటపాటలను వర్ణించుచునే, పూటకూటి యింట ఒక్క రూకకు ఏయే పదార్థములు వడ్డింతురో కూడ వరుసగా చెప్పెను. ఆనాటి రూక యెంత బరువుండెనో నాణెశాస్త్రజ్ఞులు తూచి చెప్పుదురు. ఆ రూకతో కడుపెట్లు నిండెడిదో ఆ పద్యము చెప్పును.

దారులు కలియుచోట

విజయవాడనుండి బందరునకు సుమారు 70 కిలోమీటర్లు. కంకిపాడు, ఉయ్యూరు దాటిన పిమ్మట పామర్రు వచ్చును. గుడివాడ దారియు, కూచిపూడి మీదుగా చల్లపల్లికి పోవు దారియు ఇచ్చటనే కలియును. కావున ఇది బస్సు మారువారి ఊరు. బడికి పోవు ఉపాధ్యాయుడు, కళాశాలకు పోవు విద్యార్థి, నాట్యము నేర్వ కూచిపూడికి పోవు బాలిక, ధాన్యపు లెక్క తేల్చుకొన వచ్చిన రైతు – అందఱును ఈ కూడలియందు కొంతసేపు నిలువవలసినవారే. బస్సు మారువానికి పది నిమిషములు దొరకును. ఆ పది నిమిషములలో విస్తరి ముందు కూర్చుండి భోజనము చేయజాలడు. నిలుచుండి నాలుగు పునుగులు తినగలడు. కూడళ్ళయందు తోపుడుబండి వెలయుటకు కారణమిదియే. ప్రయాణికుని తీరికలేమియే బండివాని జీవనాధారము.

ఒక పొలము – రెండు పంటలు

ఈ సీమ వీధివంటకములకు మూలము వంటయింటియందు లేదు, కాలువగట్టున ఉన్నది. 1855లో విజయవాడకడ కృష్ణానదిపై ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టాకు నిలుకడయైన నీరు లభించెను. ఆ ఆనకట్టకు బదులుగా కట్టిన ప్రకాశం బ్యారేజి 1957 డిసెంబరులో ప్రారంభమయ్యెను. కాలువనీటితో తొలికారున వరి పండును. వరి కోతకు కొన్నిదినములు ముందుగానే, తడియారని మాగాణియందు మినుములు గాని పెసలు గాని చల్లుదురు. వరిదుబ్బుల నడుమ, మిగిలిన తేమతోడను, రాత్రిమంచుతోడను ఆ పైరు పెరుగును. మఱల నీరు పెట్టవలసిన పని సాధారణముగా ఉండదు.

ఇప్పుడు ఇడ్లీని చూడుడు. అందు ఉన్నవి రెండే: వరి, మినుము. ఒకే పొలమున ఒకదానివెనుక ఒకటిగా పండిన రెండు పంటలు ఒకే పళ్ళెరమున కలిసినవి. పెసరట్టును అంతియే. పెసలను పొట్టుతో నానబోసి, అల్లము, పచ్చిమిరపకాయ చేర్చి రుబ్బి, పులియనీయకయే పెనముమీద పఱతురు. దానికి తోడు అల్లపు పచ్చడి. వర్షాధారమైన మెట్టసీమలలో జొన్నరొట్టె యెట్లో, కాలువక్రింది సీమకు ఇడ్లీయు పెసరట్టును అట్లు. ఇవి ఈ నేల మాట్లాడు మాటలు. భూగోళపాఠము చెప్పు ఉపాధ్యాయునకు ఇంతకంటె సులభమైన ఉదాహరణము దొరకదు.

గడియారము చూచి తినవలయును

మంచి వీధితిండి యెచ్చట దొరకునని అడుగువారికి మొదట చెప్పవలసినది స్థలము కాదు, వేళ. ప్రొద్దుట పులిసిన పిండి ఆవిరిమీద ఇడ్లీ యగును. మధ్యాహ్నమునకు మిగిలిన పిండి మఱింత పులియును. సాయంకాలమున అందు కొంచెము మైదాయో బియ్యపుపిండియో, ఉల్లిపాయముక్కలు, జీలకఱ్ఱ చేర్చి నూనెలో వేయగా పునుగులగును. వృథా కాకుండ చూచుకొను గృహిణి బుద్ధియే పునుగును పుట్టించినది. విజయవాడవారు దీనిని తమ ఊరి సొత్తుగా భావింతురు. ఆ నగరమున గాంధీనగరమునందలి బాబాయి హోటలు వెన్నవేసిన ఇడ్లీకి పేరొందినది. పాతబస్తీలో కాళేశ్వరరావు మార్కెట్టు పరిసరములయందు సందులు తిరుగువానికి తిండికి కొదవలేదు. ఆ మార్కెట్టు ఎవరి పేర వెలసెనో ఆ అయ్యదేవర కాళేశ్వరరావుగారు 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి సభాపతి.

చీకటిపడువేళకు పిడతక్రింద పప్పు వచ్చును. ఉత్తరపుజిల్లాలవారు దీనినే ముంతక్రింద పప్పు అందురు. వెడల్పాటి తట్టలో మరమరాలు, వేయించిన పప్పులు పోసి, నడుమ నిప్పులు నింపిన చిన్న పిడత నుంతురు. ఆ వేడికి మరమరాలు మెత్తబడవు. అడిగినవారికి అందుండి గుప్పెడు తీసి, ఉల్లిపాయ, కారము, నిమ్మరసము కలిపి యిచ్చెదరు. గాలిలో తేమ నిండిన సముద్రతీరపు సీమలో కరకరలాడునట్లు నిలుపుటకు కనిపెట్టిన ఉపాయమిది. భౌతికశాస్త్రము చదువని వాడెవడో దీనిని సాధించెను.

ఋతువులకును వేఱు పట్టిక కలదు. వేసవిలో తాటిముంజలు, శీతకాలమున కాల్చిన తేగలు, ఉడికించిన చిలగడదుంపలు, రేగుపండ్లు, తిరునాళ్ళలో జీళ్ళు, ఖర్జూరము. ముంజకాయ ప్రొద్దుననే కొనవలయును. తేగ కాల్చిన పొగవాసన పోకముందే తినవలయును. వీనిని డబ్బాలో పెట్టి పట్టణాంతరములకు పంపుటకు వీలులేదు. ఊరికి వచ్చినవానికే ఇవి దక్కును.

బందరు

పారసీకమున ‘బందర్’ అనగా ఓడరేవు. మచిలీపట్టణమునకు ఆ మాటయే ముద్దుపేరైనది. 17వ శతాబ్ది ఆరంభమున డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును ఇచ్చట దిగి వర్తకము సాగించిరి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో ఊరును పరిసరములును కలిసి సుమారు 30,000 మంది ప్రాణములు పోయెను. అనంతరము రేవు వైభవము మఱల నిలువలేదు. అయినను విద్యాలయములు నిలిచినవి. 1910లో ఆంధ్రజాతీయ కళాశాల ఇచ్చట పుట్టెను. విద్యార్థులున్న ఊరిలో చిరుతిండికి లోటుండదు. కోనేరు సెంటరు సాయంకాలపు సందడియే దానికి సాక్ష్యము. 2023లో క్రొత్త ఓడరేవు పనులు ఆరంభమైనవి.

ఈ ఊరి లడ్డును తొక్కుడులడ్డు అందురు. ఆ పేరులోనే శ్రమ యంతయు ఉన్నది. శనగపిండి ముద్దను పూసగా వత్తి వేయింతురు. దానిని రోటబోసి దంచి, జల్లించి, బెల్లపుపాకమున కలిపి, నేయి చేర్చుచు మఱల దంచుదురు. పలుకు నలిగి, పొడి ముద్దయై, ముద్ద నేయి విడుచువఱకు రోకలి ఆగదు. అప్పుడు ఏలకులు చేర్చి ఉండలు కట్టుదురు. బుందేల్‌ఖండ్ నుండి వలసవచ్చిన బొందిలీ కుటుంబములవారు ఈ విద్యను తెచ్చిరని ప్రతీతి. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించెను. గోధుమలను నానబెట్టి రుబ్బి తీసిన పాలను బెల్లముతో, నేతితో గంటలకొలది కలియబెట్టి చేయు నల్లని హల్వాయు ఈ ఊరిదే.

గుర్తింపు పత్రము పేరును కాపాడును, రోకలిపోటును కాపాడజాలదు. దంచువాని భుజబలము నమ్మి చేయు పనికి వారసులు దొరకుట కష్టము. ధర తగ్గినచో చాలునని కొనువారు కోరినంతకాలము నేతికి బదులు మఱియొకటి, దంచుటకు బదులు మఱియొకటి వచ్చుచునే యుండును. లడ్డు రుచి కొనువాని నాలుకకంటె ముందు కొనువాని న్యాయబుద్ధిమీద ఆధారపడియున్నది.

సముద్రమునకు ఆవల

వీధివంటకములన్నియు అనాదియని తలంచుట పొరపాటు. మిరపకాయ అమెరికాఖండపు మొక్క. పోర్చుగీసువారి ఓడలు రాకముందు ఈ దేశమున కారమనగా మిరియమే. కావున వాముపొడియు చింతపండుగుజ్జును కూరి, శనగపిండిలో ముంచి, రెండుమార్లు వేయించి, చీల్చి ఉల్లిపాయలు నింపి యిచ్చు మిరపకాయబజ్జీ వయస్సు అయిదు శతాబ్దులకు మించదు. బండిమీది వేరుసెనగ కథయు అట్టిదే. పరదేశపు గింజ వచ్చినది. ఈ ఊరివారు దానిని తమదిగా చేసికొనిరి.

జపానునందును ఇట్లే జరిగినది. పిండిలో ముంచి వేయించు ‘టెంపురా’ 16వ శతాబ్దిలో అచ్చటికి వచ్చిన పోర్చుగీసువారి ప్రభావమున పుట్టినది. ఒసాకా నగరమున గుంతల పెనముమీద పిండిపోసి, నడుమ సముద్రజీవి ముక్కనుంచి, త్రిప్పుచు గుండ్రముగా కాల్చు ‘టాకోయాకి’ని చూచిన తెలుగువానికి గుంతపొంగణములు జ్ఞప్తికి వచ్చితీరును. కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలు డచ్చివారి ఓడలమీద ఆ దేశమునకు పోయెను. వానిని జపానువారు ‘సరస’ యనిరి. ప్రాచీన రాజధానియగు క్యోటోలో గియోన్ ఉత్సవరథములకు నేటికిని భారతదేశపు తివాచీలు అలంకారములుగా కలవు.

ఆ క్యోటోలో నిషికి అను ఇఱుకైన బజారు కలదు. అందు తినుబండారములు కొన్నవారు నడచుచు తినవలదనియు, కొన్న అంగడి ముందే నిలిచి తినవలయుననియు అచ్చటి వర్తకులు కోరుదురు. చెత్త ఆ అంగడివద్దనే పడును. వీధి శుభ్రముగా ఉండును. బందరు బాటలో ఆచరించుటకు కష్టమైన నియమము కాదిది.

మంచి బండిని గుర్తించుట

మంచి బండికి నాలుగు లక్షణములు చెప్పవచ్చును. పదార్థము కంటియెదుట పొయ్యిమీదనుండి దిగవలయును; వేడికి మించిన రక్షణ లేదు. నూనె నల్లబడి, నురుగు కట్టి, కొద్దివేడికే పొగ వెలార్చుచున్నచో అది పలుమార్లు కాగినదని గ్రహింపవలయును. వాడిన నూనెలో ధ్రువసమ్మేళనములు నూటికి 25 పాళ్ళు మించినచో అది వాడరాదని 2018 జూలై 1 నుండి ఆహారభద్రతా నియమము అమలునకు వచ్చెను. పచ్చడికి, త్రాగుటకు వాడు నీరు మూతపెట్టి యుండవలయును. ఒకే మనిషి నాణెములు పుచ్చుకొన్న చేతితోనే పిండి తాకుచున్నచో దాటిపోవుట మేలు.

నాలుగింటికిని పైన అయిదవది పొట్లము. అచ్చుకాగితములో తినుబండారములు చుట్టరాదని, సిరాలోని రసాయనములు వేడికిని నూనెకును కరిగి తిండిలో చేరునని ఆహారభద్రతా సంస్థ 2016లో హెచ్చరించెను. ఆదివారపు అనుబంధము సోమవారమునాటికి పునుగుల పొట్లమగుట పత్రికకు చిరకాలపు గతియే. చదువరులు దానిని దాచుకొన్నచో పత్రికకును మేలు, కడుపునకును మేలు. బాదమాకు, అరటియాకు, విస్తరాకు ఈ సీమలో కొఱవడలేదు.

బండివాని హక్కు

శుభ్రత కోరువారు బండివాని స్థితిని గూడ తలపవలయును. రేపు ఈ చోట నిలువనిత్తురో లేదో తెలియనివాడు కుళాయియు, మూతపళ్ళెములును ఎట్లు సమకూర్చుకొనును? 2014లో పార్లమెంటు వీధివర్తకుల చట్టము చేసెను. సర్వే ముగియకుండ వారిని తొలగింపరాదు. తొలగింపవలసి వచ్చినచో 30 దినముల తాకీదు ఇయ్యవలయును. పట్టణ వర్తకసంఘములలో నూటికి 40 పాళ్ళకు తక్కువ కాకుండ వారి ప్రతినిధులే ఉండవలయును. కాని ఈ చట్టము పట్టణములను ఉద్దేశించినది. పంచాయతీ ఊళ్ళ కూడళ్ళలో రహదారి ప్రక్కన నిలిచిన బండికి దాని నీడ సోకుట కష్టము. దారి వెడల్పైనపుడు మొదట కదలునది ఆ బండియే.

2020 మార్చిలో దేశమంతట తలుపులు మూతపడినపుడు ఈ దారి బండ్ల పొయ్యిలును ఆరినవి. దినసంపాదన లేనివానికి నిలువధనమెక్కడిది? ఆ జూన్‌లో కేంద్రప్రభుత్వము పట్టణ వీధివర్తకులకు తొలివిడతగా 10,000 రూపాయల వఱకు ఋణమిచ్చు పథకము ప్రారంభించెను. అది కొందఱకు చేయూతయైనది. పల్లెకూడళ్ళవారిలో పలువురకు దూరముగనే ఉండెను.

ఇచ్చట పాఠశాలలు చేయదగిన పని యొకటి కలదు. ఎనిమిదవ తరగతి బాలబాలికలు తమ ఊరి బండ్ల పట్టిక వ్రాయవచ్చును: ఏ వేళ ఏ బండి వచ్చును, ఏ పదార్థము అమ్మును, పప్పు ఏ ఊరి పొలమునుండి వచ్చినది, ఆ విద్య ఎవరు ఎవరికి నేర్పిరి. అందు లెక్క కలదు, భూగోళము కలదు, చరిత్ర కలదు, తెలుగుమాటలు వలసినన్ని కలవు. ఓరుగల్లు పూటకూటి భోజనమును ఒక కవి వ్రాసిపెట్టెను గనుక అది మనకు తెలిసినది. పిడతలో నిప్పులు ఊదుచు బస్సువెంట కేకవేయువాని పేరు ఏ దస్తరమునందును లేదు. వాని పప్పు రుచి నెఱిగినవారు, వాడు కూడలి విడిచిపోకముందే, దానిని వ్రాసియుంచుట మంచిది.